లోపలి నుంచి మూసుకున్న గూడు

పక్షుల ఫోటోలు తీస్తానంటే మా ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే మాట: "దాంట్లో నీకేమొస్తాదమ్మా?" ఏమీ రాదు. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో నాకొక ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజులు, పెళ్ళిళ్ళు, చెవులు కుట్టే ఫంక్షన్లు, పోయినవాళ్ళ పాత ఫోటో ఏదో ఒకటి పట్టుకొస్తే దాన్ని పెద్దది చేసి, మరకలు తుడిచి, దండ వేయడానికి వీలుగా ఇవ్వడం, ఇవీ నా పనులు. కూడు పెట్టేది అదే. పక్షులు నా పిచ్చి. కెమెరా ఎత్తగానే మనుషులు కట్టెల్లా బిగుసుకుపోతారు, నవ్వమంటే పళ్ళు చూపిస్తారు. పక్షికి ఆ గొడవ లేదు. నేనక్కడ ఉన్నానో చచ్చానో దానికి పట్టదు. పొద్దస్తమానం "కొంచెం గడ్డం పైకి పెట్టండమ్మా" అని బతిమాలుకునే నాకు, నన్ను లెక్కచేయని ప్రాణి ఎదురుగా కూర్చుంటే హాయిగా ఉంటుంది.

బేతమంగళ పోయే దారిలో చిన్న జంతువుల పార్కు ఒకటి ఉంది. బోర్డు మీద పెద్ద పేరే రాశారు గానీ మేమంతా జింకల పార్కు అంటాం. కంచె లోపల కొన్ని చుక్కల జింకలు, నెమళ్ళు, కుందేళ్ళ బోను, ఎవరికీ ఎప్పుడూ కనబడని ఒక తాబేలు, విరిగిపోయిన జారుడుబండ. పార్కుకు ఒకడే వాచర్. బూదికోట వైపు మనిషి. జింకలకు మేత వేసేదీ అతనే, గేటు దగ్గర చీటీలు చించేదీ అతనే, పొదల్లో కూర్చున్న జంటలను లేపి పంపేదీ అతనే. ఆ పనుల్లో అతనికి నచ్చింది మూడోది.

పార్కు వెనకవైపు, జింకల కంచె పక్కన, తెల్లదొరల కాలంలో నాటిన నిద్రగన్నేరు చెట్టు ఉంది. ఎప్పుడో కొమ్మ విరిగిన చోట, నిచ్చెన వేస్తే అందేంత ఎత్తులో, దాని మొద్దుకి ఒక తొర్ర పడింది. పోయిన వేసవి మొదట్లో ఆ తొర్ర చుట్టూ రెండు మంగట్టె పక్షులు తిరగడం చూశాను. మంగట్టె అన్నది కన్నడం మాట, మా వైపు తెలుగువాళ్ళమూ అదే అంటాం. ఇంగ్లీషులో హార్న్‌బిల్. బూడిద రంగు ఒళ్ళు, పొడుగాటి తోక, కొడవలిలాగా వంగిన ముక్కు, ఆ ముక్కు మీద బుడిపెలాగా ఒక కొమ్ము. అందమైన పక్షేం కాదు. ఎగిరితే కూడా ఎవరో తరుముతున్నట్టు కిందామీదా పడుతూ ఎగురుతుంది. నాకు మాత్రం దాన్ని చూసిన రోజు అన్నం సయించలేదు.

ఎందుకంటే ఈ పక్షి గూడు పెట్టే తీరు వేరు. ఆడది తొర్రలో దూరి లోపలి నుంచి వాకిలి మూసేసుకుంటుంది. మట్టి, తన రెట్ట, తిన్న పండ్ల గుజ్జు కలిపి, ముక్కు పక్కభాగంతో తాపీ మేస్త్రీలాగా కొట్టి కొట్టి మెత్తుతుంది. సన్నటి చీలిక ఒకటి మాత్రం వదులుతుంది. మగది పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. గుడ్లు పెట్టడం, పొదగడం, పిల్లలు కాస్త ఎదగడం, అంతా ఆ చీకట్లోనే. లోపల ఉండగానే ఆడదాని రెక్కల ఈకలు రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. కాబట్టి మధ్యలో బయటికి వచ్చినా అది ఎగరలేదు. మగది రాకపోతే లోపల తిండి లేదు. ఎవరైనా ఆ గోడ పగలగొడితే పాముకీ కాకికీ తలుపు తీసినట్టే.

అందుకని ఎవరికీ చెప్పలేదు. స్టూడియోలో పాత పచ్చ పరదా ఉంటే తెచ్చి, దూరంగా రెండు కర్రలకు కట్టి, దాని వెనక కూర్చునేదాన్ని. పెళ్ళికి ముందు ఫోటోలంటూ ఒక జంట ఆ చెట్టుకి ఆనుకుని నిలబడబోతే, ఆ తొర్రలో నాగుపాము ఉందని చెప్పాను. పెళ్ళికూతురు జింకల కంచె దాకా పరిగెత్తింది. నా ఆశ చాలా చిన్నది. ఆ గూడు నిలవాలి, ఆడది పిల్లలతో బయటికి రావాలి, అది నేను కళ్ళారా చూడాలి.

మా నాయనను పార్కుకు తీసుకురమ్మన్నది డాక్టరు. గనిలో రాతిదుమ్ము మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. గని కూలీలకు కంపెనీ కట్టిన మా లైన్ ఇంటి వెనకే సైనైడ్ దిబ్బలు, బంగారం తీసేశాక పోసిన పొడి మట్టి. గాలి లేస్తే ఆ దుమ్మంతా ఇంట్లోకే వస్తుంది, తట్టలో అన్నం మీద కూడా పడుతుంది. పొద్దున పూట చెట్ల కింద కాసేపు కూర్చోబెట్టండి అన్నాడు డాక్టరు. మా అమ్మ పోయాక ఇంట్లో ఉండేది మేమిద్దరమే. స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని పోయేదాన్ని. స్టూడియో పని ఉన్న రోజు ఆయనే బస్సెక్కి వచ్చేవాడు. ఇంట్లో కూర్చుంటే రోజంతా దగ్గూ తిట్లూ. పార్కులో కనీసం దగ్గు తగ్గింది.

తిట్లు ఎవరినంటే, గని ఆఫీసర్లను. మా నాయన భూమి లోపల దుంగలు నిలబెట్టే పని చేసేవాడు, పైకప్పు కూలకుండా. ఏదైనా జరిగితే లోపలికి దిగే రెస్క్యూ టీములో కూడా ఉండేవాడు. ఎయిర్ బ్లాస్ట్ అంటే మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. లోపల రాయి ఒత్తిడి తట్టుకోలేక ఒక్కసారిగా పేలిపోతుంది. పైన ఇళ్ళల్లో గూట్లోని గిన్నెలు కింద పడతాయి, ఆడవాళ్ళు పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలేసి గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గరికి పరిగెత్తుతారు. నా చిన్నప్పుడు అలాంటి ఒక ఎయిర్ బ్లాస్ట్‌లో మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, లోపల చిక్కుకున్నాడు. మా నాయన టీముతో దిగాడు. కూలిన రాళ్ళకు అవతలి నుంచి గాలి పైపు మీద కొడుతున్న శబ్దం వినబడిందట. ఇంకా కూలేట్టుందని ఆఫీసర్లు వీళ్ళను పైకి రమ్మన్నారట. వచ్చేశారు. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇంతే. అడిగితే ఆయన చెప్పేదీ ఇంతే: "వాడు కొడతానే ఉన్నాడు. మమ్మల్ని పైకి రమ్మనేసిరి." ఆ తరవాత ఆఫీసరన్న వాడిని మా నాయన మనిషిగా చూడలేదు. గని మూసేసి ఇన్నేళ్ళయినా ఆ తిట్లు మాత్రం మూతపడలేదు.

మొదటి రోజు ఆయనకు తొర్ర చూపించాను. కెమెరాలోంచి చాలాసేపు చూశాడు.

"దాన్ని ఎవురు మూసింది?" అన్నాడు.

"ఎవురూ మూయలే నాయనా. అదే మూసుకునింది, లోపల్నుంచి."

"లోపల్నుంచి ఎవురన్నా మూసుకుంటారా?"

"ఈ పక్షి మూసుకుంటాది. పిల్లల కోసం."

"ఊపిరెట్ల ఆడతాది?"

"సందుండాది కదా. అట్లనే వాళ్ళాయన తెచ్చిచ్చింది కూడా ఆడనే తీసుకుంటాది."

నాయన ఇంకోసారి చూశాడు. "ప్లాస్టరింగ్ బాగుండాది," అన్నాడు, ఒక పనివాడు ఇంకో పనివాడి గురించి అన్నట్టు. "అయితే ఒక్క సందే పెట్టింది. గాలికి ఒకటి, మనిషి వచ్చేదానికి ఒకటి, రెండుండాల. దీనికి ఎవురూ చెప్పలే." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేనప్పుడే గమనించి ఉండాల్సిందని తరవాత చాలామంది అన్నారు. గమనించి ఏం చేసేదాన్ని? మా నాయన దేనికీ నవ్వడు.

ఆ రోజు నుంచి నాకు ఫోటోలెంతో ఆయనకు ఆ మగపక్షి రాకపోకలంత. పరదా వెనక నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, "వచ్చినాడు" అనేవాడు. కాసేపటికి "ఇంగా రాలే" అనేవాడు. ఫోటో తీస్తుంటే మాట్లాడొద్దు నాయనా అని నెత్తీ నోరూ బాదుకునేదాన్ని. గుసగుసగా మాట్లాడటం చేతకాదు ఆయనకు. మిషన్ల శబ్దంలో పని చేసిన చెవులు. ఆయన గుసగుస జింకలకు కూడా వినబడేది.

అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా రోడ్డు వెడల్పు పని మొదలైంది. పార్కు గేటు నుంచి కాస్త దూరంలో రోడ్డు పక్కన పెద్ద మేడిచెట్టు ఉండేది. మగపక్షి పండ్లు తెచ్చేది దాని మీద నుంచే. ఒక పూటలో కొట్టేశారు. పొద్దున పోయేటప్పుడు చెట్టుంది, తిరిగి వచ్చేటప్పుడు రంపంపొట్టు ఉంది. అక్కడ నిలబడి ఎవరిని తిట్టాలో తెలియక ట్రాక్టరు డ్రైవరును తిట్టాను. పాపం అతనికి తెలుగూ రాదు, కన్నడమూ రాదు.

అప్పటి నుంచి మగది రావడం ఆలస్యమైంది. ఎక్కడెక్కడో వెతుక్కుని తెచ్చేది. ఎండ మండిపోతోంది. అది వచ్చేదాకా నాకూ భయమే. పైకి మాత్రం ధైర్యంగా ఉండేదాన్ని, ఎందుకంటే పక్కన మా నాయన ఊరుకునేవాడు కాదు.

"వాడికేమన్నా అయ్యింటే?"

"ఏమీ కాదులే."

"కరెంటు తీగలుండాయి, పిల్లోళ్ళ గాలిపటాల దారాలుండాయి. వాడు రాకపోతే లోపలుండేదాని గతేమి?"

"నాయనా, వస్తాడు. వాడికి తెల్సు లోపల పెళ్ళాం బిడ్డలుండారని."

"తెల్సినంత మాత్రాన వచ్చేదానికి అయితాదా?"

నేను లెన్సు తుడవడం మొదలుపెట్టాను. ఆయన పరదా అంచు పట్టుకుని నలుపుతూ కూర్చున్నాడు.

మామిడి కోతల సమయంలో ఒక సాయంత్రం వడగళ్ళ వాన పడింది. శ్రీనివాసపురం వైపు తోటల్లో కాయంతా రాలిపోయిందని అందరూ ఏడుస్తుంటే, నేను మాత్రం తొర్ర గురించి ఏడ్చాను. మర్నాడు పోయి చూస్తే నేను భయపడినట్టే గోడకు కింది మూల పెళ్ళ ఊడిపోయింది. చీలిక పెద్దదై లోపలి చీకటి కనబడుతోంది. అయితే ఆడది బతికే ఉంది. ముక్కు కొన ఒకసారి బయటికి వచ్చి పోయింది. ఇక అదే సరిచేసుకుంటుందని నాయనకు చెప్పాను. "మళ్ళీ మెత్తుకుంటాది నాయనా. చూస్తా ఉండు, రేపటికి సరిపోతాది." ఆయన తలూపాడు.

ఆ మర్నాడు సుగటూరులో ఒక నామకరణం ఒప్పుకుని ఉన్నాను. నాయన బస్సులో పార్కుకు పోయాడు. తొట్టెలో బిడ్డను పడుకోబెట్టి ముత్తైదువలు పాట ఎత్తుకుంటుండగా ఫోన్ మోగింది. వాచర్.

"మేడం, బేగ రండి. మీ నాయన నిచ్చెనెక్కి కూర్చున్నాడు. దిగమంటే దిగల్లేదు."

"ఏ నిచ్చెన?"

"జింకలకి కొమ్మలు కొట్టేది. చేతిలో ఉలి ఉండాది మేడం. మా ఆఫీసు సాహేబుకి తెలిస్తే నా పని అయిపోయినట్లే."

బిడ్డ తల్లికి ఏం చెప్పానో గుర్తులేదు. మా అసిస్టెంటు అమ్మాయి చేతిలో కెమెరా పెట్టేసి స్కూటరెక్కాను. దారంతా దేవుళ్ళకు మొక్కుకుంటూ పోయాను. ఏ దేవుడూ విన్నట్టు లేదు.

నేను పోయేసరికి అంతా అయిపోయింది. చెట్టు కింద గోడ పెళ్ళలు పడి ఉన్నాయి. నిచ్చెన ఇంకా మొద్దుకు ఆనించే ఉంది. దాని కాళ్ళ దగ్గర మా నాయన కూర్చుని ఉన్నాడు. తువ్వాలులో ఏదో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేలి నుంచి రక్తం కారుతోంది. తువ్వాలులోంచి కొడవలి ముక్కు బయటికి పొడుచుకొచ్చి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

నన్ను చూసి నాయన తల ఎత్తాడు. అలాంటి మొహం నా జన్మలో ఎప్పుడూ చూడలేదు. నేను స్టూడియో పెట్టుకున్న రోజు కూడా లేదు. వెలిగిపోతోంది.

"బతికుండాది పాపా," అన్నాడు. "బయటికి ఎత్తేసినా. బతికుండాది."

ఇంకెవరైనా అయితే ఆ మొహం చూసి నోరు మూసుకునేవాళ్ళేమో. నాకు ఒళ్ళు మండిపోయింది. "చంపేస్తివి కదా నాయనా దాన్ని," అని అరిచాను. దానికి రెక్కల్లో ఈకలు లేవని, ఎగరలేదని, పిల్లలు పైన ఉన్నాయని, నెల రోజులుగా చెవినిల్లు కట్టుకుని చెప్పానే అని, నోటికొచ్చినట్టు తిట్టాను. వాచర్ కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. నాయన మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా పోవడం నేను చూస్తూనే ఉన్నాను, తిట్టడం మాత్రం ఆపలేదు.

జరిగింది తరవాత వాచర్ చెప్పాడు, నాయన చెప్పాడు. పొద్దున నుంచి మగది కనబడలేదు. నాయన కుర్చీ చెట్టుకు దగ్గరగా జరుపుకున్నాడు. అప్పుడు లోపలి నుంచి శబ్దం మొదలైంది. ట్టక్ ట్టక్ ట్టక్. కాసేపు ఆగి మళ్ళీ. అది ఊడిన మూలను ఆడది ముక్కుతో కొట్టి మెత్తుకుంటున్న శబ్దం. నేనుంటే నాకు పండగ. మా నాయనకు మాత్రం అది వేరే శబ్దం.

గనిలో పనిచేసినవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. లోపల చిక్కుకున్నవాడు పైపు మీద కొడతాడు. ఇవతల ఉన్నవాడు విన్న వెంటనే బదులు కొట్టాలి. "బదులు కొట్టాల పాపా. లేకపోతే లోపలుండేవాడు ఆశ ఇడిచిపెడతాడు." కాబట్టి మా నాయన లేచి, ఒక రాయి తీసుకుని, చెట్టు మొద్దు మీద బదులు కొట్టాడు. పక్షి భయపడి చప్పుడు ఆపేసింది. మా నాయన మళ్ళీ కొట్టాడు. జవాబు లేదు. ఇంకోసారి కొట్టాడు. జవాబు లేదు. గని మనిషికి దాని అర్థం ఒకటే, లోపలుండేవాడికి ఓపిక అయిపోతోందని. అందుకే నిచ్చెన, అందుకే వాచర్ సామాన్ల గదిలోని ఉలి. ఎవరినీ అడగలేదు. పై నుంచి ఆర్డరు కోసం ఈసారి ఆగలేదు.

వాచర్ నిచ్చెనెక్కి తొర్రలో చూశాడు. పిల్లలు రెండు, ఈకలు లేని గులాబీ ముద్దలు, కదులుతున్నాయట. నేనే తువ్వాలు విప్పి ఆడదాన్ని పైకి అందించాను. చేతిలో దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చెప్పలేను. వాచర్ దాన్ని లోపలికి తోశాడు. లోపల మూలకు ఒదిగిపోయింది. గోడ మాత్రం లేదు. నల్లగా నోరు తెరుచుకుని ఉంది తొర్ర. నాయన మట్టి తడిపి తానే మూస్తానన్నాడు. "నువ్వింగ దాని జోలికి పోవద్దు," అన్నాను. బెంగళూరులో పక్షుల గురించి బాగా తెలిసిన ఒకాయనకు ఫోన్ చేశాను. ఎవరూ ముట్టుకోకండి, దూరం జరగండి, మళ్ళీ మూసుకుంటే బతుకుతాయి, లేకపోతే లేదు అన్నాడాయన.

పొద్దు వాలే వేళకు మగది వచ్చింది. ముక్కులో పండుంది. ఎదురు కొమ్మ మీద వాలి, తెరుచుకున్న తొర్ర వైపు తల అటూ ఇటూ తిప్పి చూసింది. దగ్గరికి రాలేదు. పండు ముక్కులో పెట్టుకునే వెనక్కి ఎగిరిపోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. నాయన కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు, నా వైపు రాలేదు.

ఇంటికొచ్చి సంగటి చేస్తే ముట్టలేదు. పట్టీ వేసిన వేలు చూసుకుంటూ కూర్చున్నాడు. మాట్లాడకూడదని నేను పంతం మీద ఉన్నాను. తట్ట తీయబోతుంటే ఆయనే అన్నాడు: "నువ్వు చెప్పలేదని నేను అనలే. చెప్తివి. నాకు అర్థమయ్యింది కూడా. ఆ కొట్టే శబ్దం వచ్చినాక ఇంగ ఏమీ నిలవలే పాపా."

పొద్దున్నే ఇద్దరం పోయాం. ఆయనను రావద్దన్నాను. వస్తానన్నాడు. వాచర్ గేటు మూసేసి, వచ్చినవాళ్ళకు లోపల దోమల మందు కొడుతున్నామని అబద్ధం చెప్తున్నాడు. అంత భయంలోనూ ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది. పరదాను ఇంకా వెనక్కి జరిపి కట్టాం. తొర్ర అలాగే తెరిచి ఉంది. కెమెరాలోంచి చూస్తే లోపల చీకటి తప్ప ఏమీ లేదు. కాకి ఒకటి వచ్చి పై కొమ్మ మీద వాలింది. రాయి విసరాలనిపించింది, విసిరితే ఆడది బెదురుతుంది. చేతులు కట్టుకుని కూర్చున్నాను. కాకి తొర్ర దాకా దిగి, లోపలికి తొంగిచూసి, లోపలి నుంచి ముక్కు విసురుగా బయటికి రాగానే ఎగిరిపోయింది.

ఆ తరవాత మొదలైంది. ట్టక్. ట్టక్ ట్టక్.

లెన్సులో స్పష్టంగా కనబడింది. ముక్కు పక్కభాగంతో, కింది అంచు మీద, తడి రెట్ట పెట్టి కొడుతోంది. "నాయనా, మూసుకుంటా ఉండాది," అన్నాను. "చూడు, నువ్వే చూడు." కెమెరా ఆయన వైపు తిప్పాను. ఆయన చూడలేదు. రెండు చేతులతో కుర్చీ చేతులు పట్టుకున్నాడు. మెడ నరాలు పొంగాయి. లేవాలన్న మనిషి లేవకుండా తనను తానే అదిమి పెట్టుకుంటే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. శబ్దం వచ్చిన ప్రతిసారీ ఆయన వేళ్ళు కుర్చీ మీద బదులు కొట్టడానికి లేస్తున్నాయి, మళ్ళీ ముడుచుకుంటున్నాయి.

నా కోపం అప్పుడు పోయింది. భయం వచ్చింది. "పోదాం పా నాయనా," అన్నాను. "నేను వాచర్‌కి చెప్పి వస్తా. ఇంటికి పోదాం."

"ఊహూ. అయ్యేదాకా ఉంటా."

"ఎండ పడతాది."

"ఉంటా అంటా ఉండా కదా."

ట్టక్ ట్టక్. జింకలు కంచె దగ్గర మేత నములుతున్నాయి. వాటి నోళ్ళ చప్పుడు కూడా వినబడుతోంది. చాలాసేపటికి నాయన చెట్టు వైపు కాకుండా నేల వైపు చూస్తూ మాట్లాడాడు. మొదటిసారి ఆయన గొంతు నిజంగా గుసగుసగా వచ్చింది.

"మమ్మల్ని ఎవురూ పైకి రమ్మనలే పాపా."

నేను ఆయన వైపు తిరిగాను.

"ఆఫీసరు రమ్మన్నాడని మా అమ్మకి, మీ అవ్వకి, నేను చెప్పినా. తిట్టుకునేదానికి ఎవురో ఒకరు ఉంటారు గదా అని చెప్పినా. ఎవురూ రమ్మనలే. రాయి కదలతా ఉన్నింది. ఒక రాయి తీస్తే రెండు దిగతా ఉన్నింది. చెయ్యి పెట్టేదానికి లే. పైకి వచ్చేదానికి మనసు రాలే. ఆడనే కూర్చున్నాం. వాడు కొడతా ఉన్నాడు, నేను బదులు కొడతా ఉన్నా. తీస్తామని కాదు. ఉండామని. వాడు కొట్టేది నిల్చిపోయేదాకా."

చిన్నప్పటి నుంచీ ఆయన ఆఫీసర్లను తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా నా చెవుల్లో గింగురుమన్నాయి. ఆయన చేతి మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి కింద వేళ్ళు ఇంకా లేస్తూనే ఉన్నాయి, ముడుచుకుంటూనే ఉన్నాయి.

చెట్టు మీద శబ్దం మెల్లబడింది. ఒకటి. చాలాసేపు ఏమీ లేదు. ఇంకొకటి. ఆ తరవాత లేదు.

నాయన ఒళ్ళంతా బిగుసుకుపోయింది. నేను గబగబా కెమెరాలో చూశాను. తొర్ర వాకిట్లో తడిగా, నల్లగా, ఎగుడుదిగుడుగా కొత్త గోడ లేచింది. మధ్యలో సన్నటి చీలిక. నిన్నటి వరకూ ఉన్న గోడంత నున్నగా లేదు గానీ, గోడే. "అయిపోయింది నాయనా," అన్నాను. "మూసుకునేసింది. దాని పని అయిపోయింది, అందుకే ఆపింది. అంతే. ఇంగేమీ లేదు."

ఆయన తలకు చుట్టిన తువ్వాలు చెవి మీద నుంచి పక్కకు జరిపాడు.

కంచె అవతల నుంచి కిందామీదా పడుతూ మగది వచ్చింది. ఎదురు కొమ్మ మీద వాలింది, చూసింది. ఈసారి వెనక్కి పోలేదు. మొద్దుకు అంటిపెట్టుకుని, ముక్కులోని పండు చీలికకు అందించింది. లోపలి నుంచి ముక్కు కొన వచ్చి అందుకుంది. ఇన్ని రోజులు నేను ఎదురుచూసిన వాటన్నిటికంటే మంచి ఫోటో అది, నా వేలు దానంతట అదే నొక్కేసింది.

"తీసుకునింది నాయనా," అన్నాను. "చూడు, తీసుకునింది. బతుకుతాయి."

నాయన తల ఎత్తలేదు. నన్ను మాట్లాడొద్దన్నట్టు చెయ్యి కొంచెం పైకెత్తాడు. ఆయన ఇంకా వింటున్నాడు.